కళ్ళం ఎక్కడ వేశామన్నదే లెక్క

(విజయనగరంలో ఒక కాలేజీ సెమినార్ హాల్లో, ఆసుపత్రులు, కాలేజీలు, సహకార సంఘాల సర్వర్లు చూసుకునే వాళ్ల కోసం జరిగిన సమావేశంలో, బ్యాకప్ పనిని మోసే 'ప్రాక్సీ'ల గురించి చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

వెనక వరసలో వాళ్లకి వినబడుతోందాండీ? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగానే ఉంది. ఆపమని అడుగుదామంటే ఈ ఉక్కలో ముందు నన్నే బయటికి పంపుతారు. గొంతు నేనే పెంచుతాను.

నాలుగైదేళ్ల కిందటి ఒక సోమవారం పొద్దున్నతో మొదలుపెడతాను. శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి, పేరు మనకెందుకు. అక్కడ సర్వర్ల పని నాది. ఎనిమిదిన్నరకి ఓపీ కౌంటర్లో కూర్చునే పెద్దావిడ ఫోన్ చేసింది. "ఏటి బాబూ, కంప్యూటరు ముందుకెల్లడం నేదు. ఒక్క చీటీకి అయిదు నిమిషాలు పడతంది. జనం గుమ్మం దాటి రోడ్డు మీదకెల్లిపోనారు." సోమవారం ఓపీ అంటే మీకు తెలుసు. పాతపట్నం నుంచి, టెక్కలి నుంచి తెల్లారకుండా బస్సెక్కి వచ్చినవాళ్లుంటారు.

విషయం నాకు వెంటనే అర్థమైపోయింది. ఆదివారం రాత్రి పదింటికి నేను పెట్టిన ఫుల్ బ్యాకప్, అంటే మొత్తం డేటాకి కాపీ, ఇంకా నడుస్తూనే ఉంది. కన్సోల్ తెరిచి చూస్తే 81 శాతం. ఆపితే రాత్రంతా చేసింది బూడిదలో పోసినట్టే. ఆపకపోతే రోడ్డు మీద జనం. ఆపేశాను. ఆ వారం ఆ ఆసుపత్రికి సరైన ఫుల్ బ్యాకప్ లేదు, నాకు సరైన నిద్రా లేదు.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఒక గిగాబిట్ లైను మీద సెకనుకి 125 మెగాబైట్లు వెళ్లాలి. అది కాగితం మీద. చేతికొచ్చేది 110 దాకా. ఆ వేగంతో ఒక టెరాబైట్ వెళ్లడానికి రెండున్నర గంటలు పడుతుంది. ఆసుపత్రి డేటా 5 టెరాబైట్లు. అంటే పన్నెండున్నర గంటలు. రాత్రి పదింటికి మొదలెడితే మర్నాడు పదిన్నరకి అవుతుంది. అయిదో తరగతి పిల్లాడు చేసే లెక్క. నేను చెయ్యలేదు. రోజువారీ ఇంక్రిమెంటల్, అంటే మారినంత వరకే తీసే బ్యాకప్, గంటలోపే అయిపోయేది కాబట్టి ఆ అవసరమే నాకు తోచలేదు. డిస్కు మీద మారిన బ్లాకులేవో, అంటే డేటా ముక్కలేవో, మన సర్వర్లని నడిపే విఎంవేర్ సాఫ్ట్‌వేర్ తనే గుర్తుపెట్టుకుని చెబుతుంది, ఛేంజ్డ్ బ్లాక్ ట్రాకింగ్ అంటాం కదా, దాని పుణ్యాన మామూలు రోజులు గడిచిపోతాయి. ఫుల్ బ్యాకప్ రోజే మన బండారం బయటపడేది.

ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. హోస్టుల, అంటే అసలు సర్వర్ల, మేనేజ్‌మెంట్ పోర్టూ, వాటి లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లయిన వర్చువల్ మెషిన్ల (వీఎంల) ట్రాఫిక్కూ ఒకే నెట్‌వర్క్ కార్డు మీద పెట్టాను. కార్డులు ఖాళీగా ఉన్నాయి, కేబుళ్లు తక్కువయ్యాయి, తర్వాత చేద్దాంలే అనుకున్నాను. బ్యాకప్పూ, ఓపీ చీటీలూ ఒకే గొందిలో ఎదురెదురు పడ్డాయి.

సరే, ప్రాక్సీ సంగతికి వద్దాం. నేను వాడే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వీమ్ కాబట్టి దాని మాటల్లోనే చెబుతాను. నకివోలో దీన్నే ట్రాన్స్‌పోర్టర్ అంటారు, కామ్‌వాల్ట్‌లో యాక్సెస్ నోడ్ అంటారు. పేర్లు వేరు, పని అదే. ప్రాక్సీ అనగానే కాలేజీల్లో యూట్యూబ్ రాకుండా ఆపే ప్రాక్సీ గుర్తొస్తుంది. (నవ్వులు) అది కాదు. దానికీ దీనికీ చుట్టరికం లేదు.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా చిన్నప్పుడు ఇంకా కోత మిషన్లు రాలేదు. వరి కోసి, కుప్ప వేసి, కళ్ళంలో నూర్చి, ఎగరబోసి, తాలు పోగా మిగిలిన గింజల్ని బస్తాలకెత్తి పురిలో పోసేవాళ్లు. ఆ కళ్ళమే ప్రాక్సీ. ప్రొడక్షన్ స్టోరేజీ, అంటే రోజువారీ పని నడిచే డేటా ఉండే చోటు, పొలం. రిపాజిటరీ, అంటే బ్యాకప్‌లు దాచే చోటు, పురి. ప్రాక్సీ డిస్కుని చదువుతుంది, ఖాళీ బ్లాకుల్ని తాలులాగా ఎగరగొడుతుంది, ఒకటే రకం బ్లాకు రెండుసార్లు వస్తే ఒక్కటే ఉంచుతుంది, మిగిలినదాన్ని కుదించి, కావాలంటే ఎన్‌క్రిప్షన్ తాళం వేసి, రిపాజిటరీకి పంపుతుంది. బ్యాకప్ సర్వర్ గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ కామందు. ఏ జాబు (బ్యాకప్ పని) ఎప్పుడు, ఏ డిస్కు ఏ ప్రాక్సీకి అన్నది చూసుకోవడం దాని పని. మోత మొయ్యడం దాని పని కాదు.

కానీ మొదట ఇన్‌స్టాల్ చేసినప్పుడు వీమ్ ఏం చేస్తుందంటే, ఆ బ్యాకప్ సర్వర్‌నే ప్రాక్సీగా కూడా పెట్టేసుకుంటుంది. కామందే పంచె ఎగ్గట్టి కళ్ళంలోకి దిగినట్టు. పది వీఎంలు ఉన్న చోట అది చాలు. చాలామంది ఆ పదితో మొదలెట్టి నలభైకి వచ్చినా దాన్ని అలాగే వదిలేస్తారు. నేనూ అదే బాపతు.

ఇక్కడ అసలు మెలిక ఉంది. మా ఊళ్లో కొందరు రైతులు పొలం దగ్గర జాగా లేదని మోపుల్ని గడ్డితో సహా ఊళ్లోకి మోయించి, ఇంటి వెనక నూర్పించేవాళ్లు. పొలం గట్టు ఇంత సన్నం. ఒక మనిషి మోపుతో వస్తుంటే ఎదురొచ్చేవాడు బురదలో దిగాల్సిందే. పొలం పక్కనే కళ్ళం వేసుకున్నవాడు గింజల బస్తాలు మాత్రమే మోయించేవాడు. అదే గట్టు, అదే పంట, మోత సగం. నా బ్యాకప్ సర్వర్ ఊళ్లో ఉన్న కళ్ళం. హోస్టు నుంచి డేటా అంతా గడ్డితో సహా ఆ గిగాబిట్ గట్టు మీద నడిచి వచ్చేది. వచ్చాక కుదించేవాణ్ణి. కుదించి ఏం లాభం, గట్టు దాటేశాక?

కాబట్టి ప్రాక్సీలు ఎన్ని అన్నది తర్వాత. సన్నదారి ఎక్కడుందో చూడండి. దానికి ఇవతల, డేటా ఉన్న వైపు ప్రాక్సీ ఉండాలి.

ఆసుపత్రిలో విఎంవేర్ వాళ్ల ఈఎస్ఎక్స్ఐ నడిచే హోస్టులు మూడు. స్టోరేజీకీ హోస్టులకీ మధ్య 10 గిగాబిట్ ఐస్కజీ లైను ఉంది. అంటే వెడల్పు రోడ్డు అక్కడుంది, నేను వాడలేదు. ఒక్కో హోస్టు మీద ఒక చిన్న వీఎం చేసి దాన్ని ప్రాక్సీగా పెట్టాను. దీన్ని హాట్‌యాడ్ అంటారు, వీమ్ మెనూలో వర్చువల్ అప్లయన్స్ అని కనిపిస్తుంది. బ్యాకప్ అవ్వాల్సిన వీఎంకి స్నాప్‌షాట్ తీసి, అంటే ఆ క్షణానికి డిస్కుని ఉన్నదున్నట్టు నిలిపి, దాని డిస్కుని తెచ్చి ఈ ప్రాక్సీ వీఎంకి తగిలిస్తుంది. మనం పెన్‌డ్రైవ్ గుచ్చినట్టే. ప్రాక్సీ దాన్ని 10 గిగాబిట్ దారిలో చదివి, తన దగ్గరే కుదించి, మిగిలింది మాత్రమే గిగాబిట్ లైను మీద పంపుతుంది. మా డేటా సుమారు సగానికి తగ్గేది. 5 టెరాబైట్లు రెండున్నర అయితే, పన్నెండున్నర గంటలు ఆరుంపావుకి దిగుతాయి. రాత్రి పదింటికి మొదలైతే నాలుగుంపావుకి అయిపోవాలి. కాగితం మీద.

పెట్టడం ఎలా అన్నది పెద్ద విద్యేం కాదు. కన్సోల్లో బ్యాకప్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌కి వెళ్లి, బ్యాకప్ ప్రాక్సీస్ మీద రైట్ క్లిక్ చేసి, యాడ్ విఎంవేర్ బ్యాకప్ ప్రాక్సీ. సర్వర్ పేరు, అడ్మిన్ పాస్‌వర్డ్ ఇస్తే కావాల్సిన సర్వీసులు తనే వేసుకుంటుంది. ట్రాన్స్‌పోర్ట్ మోడ్, అంటే డేటా చదివే దారి, ఆటోమేటిక్‌లో ఉంచండి, అది ఆగిపోతే నెట్‌వర్క్ మోడ్‌కి, అంటే హోస్టు మేనేజ్‌మెంట్ లైను మీద చదివే దారికి, మారే టిక్కు కూడా ఉంచండి. ఫైర్‌వాల్ దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. తెరవాల్సిన పోర్టులు ఇవి: హోస్టులన్నిటినీ చూసుకునే వీసెంటర్‌కి 443, హోస్టులకి 902, వీమ్ సర్వీసులకి 6160, 6162, డేటా నడవడానికి 2500 నుంచి 3300 దాకా. యాంటీవైరస్‌లో కూడా వీమ్ ఫోల్డర్లకి మినహాయింపు ఇవ్వండి. విండోస్ లైసెన్సు ఖర్చు ఎందుకు అనుకుంటే లైనక్స్ మీదా పెట్టుకోవచ్చు, 10వ వెర్షన్ నుంచి ఆ వీలుంది. ఇంతకంటే స్క్రీన్లు చూపించను, మీరంతా నెక్స్ట్ నొక్కడంలో నాకంటే సిద్ధహస్తులు.

మూడు ప్రాక్సీలు, ఒక్కోదానికి నాలుగు టాస్కులు, అంటే ఒకేసారి నాలుగు డిస్కుల పని, మొత్తం పన్నెండు. ఇక చూస్కో అనుకుని ఆదివారం రాత్రి జాబు మొదలెట్టి ఇంటికెళ్లి పడుకున్నాను. పొద్దున్న చూస్తే ఎనిమిదిన్నర గంటలు పట్టింది. ఏంటిది అని లాగ్ తెరిస్తే వీఎంల పక్కన వరసగా ఒకటే మాట: రిసోర్స్ నాట్ రెడీ, బ్యాకప్ రిపాజిటరీ. సిరిమాను పండగ నాడు ఈ ఊళ్లో మూడు లాంతర్ల కూడలి దగ్గర ఎలా ఉంటుందో చూశారు కదా. అన్ని వైపుల నుంచీ జనం వస్తారు, లోపలికి వెళ్లే చోటు మాత్రం అంతే. రిపాజిటరీకి కూడా ఒకేసారి ఎన్ని టాస్కులన్న హద్దు ఉంటుంది. పెట్టినప్పుడు అది నాలుగు. నేను పన్నెండుమందిని కళ్ళంలో దింపి, పురి దగ్గర నలుగురినే రానిచ్చాను. మిగతా ఎనిమిదిమంది బస్తాలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డారు.

సరే అని అదీ పన్నెండు చేశాను. (నవ్వులు) నవ్వుతున్నారంటే మీరూ చేశారన్నమాట. ఈసారి నాలుగున్నరకే అయిపోయింది. కానీ రాత్రి రెండింటికి ల్యాబ్ నుంచి ఫోన్. క్యాజువాలిటీలో పేషెంటు ఉన్నారు, రిపోర్టు తెరుచుకోవడం లేదు అని. స్టోరేజీలో ఉన్నవి తిరిగే డిస్కులు. పన్నెండు చోట్ల నుంచి ఒకేసారి చదవమంటే వాటి ఊపిరి ఆగిపోతుంది. నెట్‌వర్క్ దారి తెరిచేసరికి ఇరుకు వెళ్లి స్టోరేజీ దగ్గర కూర్చుంది.

దీనికి మందు వీమ్‌లోనే ఉంది, స్టోరేజ్ లేటెన్సీ కంట్రోల్ అని. జనరల్ ఆప్షన్లలో ఉంటుంది. మీ లైసెన్సు స్థాయిలో ఉందో లేదో చూసుకోండి. డేటాస్టోర్, అంటే వీఎంల డిస్కులుండే స్టోరేజీ, జవాబివ్వడానికి 20 మిల్లీసెకన్లు దాటితే కొత్త టాస్కులు ఇవ్వడం ఆపుతుంది, 30 దాటితే నడుస్తున్నవాటిని కూడా నెమ్మదింపజేస్తుంది. అంకెలు మార్చుకోవచ్చు. నేను మార్చలేదు. టాస్కులు మాత్రం పన్నెండు నుంచి ఏడుకి తగ్గించాను. అయిదుంపావుకి అయిపోతోంది. ఓపీ ఎనిమిదికి. ఇంకేం కావాలి? ఇంకో ముప్పావుగంట తగ్గించి నేనెవరికి చూపించుకోవాలి?

ఇన్ని తిప్పలు పడ్డాక గానీ నేను జాబు స్క్రీన్ మీద మొదటి నుంచీ ఉన్న ఒక్క లైను చదవలేదు. మీరు ఈ రోజు వెళ్లి మీ సర్వర్లో అది చూడండి చాలు. లోడ్ అని రాసి, సోర్స్ ఇంత శాతం, ప్రాక్సీ ఇంత, నెట్‌వర్క్ ఇంత, టార్గెట్ ఇంత అని నాలుగు అంకెలుంటాయి. దాని కిందే ప్రైమరీ బాటిల్‌నెక్ అని పేరు కూడా చెప్పేస్తుంది. నాడి చూసినట్టు. ఆ మొదటి సోమవారం లాగ్ తర్వాత తీసి చూస్తే సోర్స్ 99, ప్రాక్సీ 12 అని ఉంది. అంటే ప్రాక్సీ గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది, దానికి డేటా వచ్చే దారే లేదు. అక్కడ ఆ సర్వర్‌కి ఇంకో ఎనిమిది కోర్లు కలిపినా, పక్కన అలాంటిదే ఇంకోటి పెట్టినా ఒరిగేదేం లేదు. ప్రాక్సీ 95, మిగతావి 20, 30 ఉంటే అప్పుడు ప్రాక్సీ పెంచండి. టార్గెట్ ఎక్కువ ఉంటే రిపాజిటరీ డిస్కులు రాయలేకపోతున్నాయని అర్థం. చవక నాస్ డబ్బాలు, అంటే నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టెలు, పెట్టిన చోట నేను ఎక్కువగా చూసేది ఇదే.

ఇంకోటి, బాటిల్‌నెక్ అని ఎప్పుడూ ఏదో ఒకటి చూపిస్తుంది. అది జబ్బు కాదు. నాలుగింట్లో ఏదో ఒకటి నిదానంగా ఉండక తప్పదు కదా. టైములోపల అయిపోతుంటే దాన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు.

టాస్కు అంటే ఏంటో ఒక్క నిమిషం. టాస్కు అంటే వీఎం కాదు, డిస్కు. నాలుగు డిస్కులున్న వీఎం నాలుగు టాస్కులు తింటుంది. పాత లెక్క ఒక టాస్కుకి ఒక కోర్. 12వ వెర్షన్ నుంచి, అంటే 2023 నుంచి, ఒక కోర్‌కి రెండు టాస్కులు చెయ్యొచ్చంటున్నారు. ర్యామ్ 2 జీబీ, పైన టాస్కుకి 500 ఎంబీ. ప్రాక్సీలకి పెద్ద డిస్కులు అవసరం లేదు, డేటా వాటి మీద నిలవదు.

డిస్కు లెక్క అన్నాను కదా, అందులో ఒక ఉచ్చు ఉంది. ఒక డిస్కుని ఇద్దరు ప్రాక్సీలు పంచుకోలేరు. మీ ఫైల్ సర్వర్‌కి ఒకే ఒక 4 టీబీ డిస్కు ఉందనుకోండి, పది ప్రాక్సీలు పెట్టినా తొమ్మిది చూస్తూ కూర్చుంటాయి. జాబంతా గంటన్నరలో అయిపోయి, ఆ ఒక్క డిస్కూ తెల్లవార్లూ నడుస్తుంది. ఆ సేపంతా దాని స్నాప్‌షాట్ తెరిచే ఉంటుంది, పెరుగుతూనే ఉంటుంది, చివర్లో దాన్ని కలపడానికి ఇంకో అరగంట. కొత్త వీఎం చేసేటప్పుడే 4 టీబీ ఒక్కటి కాకుండా 1 టీబీవి నాలుగు చెయ్యండి. పని పంచుకోవడం ప్రాక్సీల దగ్గర మొదలవ్వదు, అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు హాట్‌యాడ్‌లో ఉన్న ప్రమాదం. ఇది మాత్రం రాసుకోండి.

ఒక వేసవి రాత్రి ఈదురుగాలికి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు మార్చాల్సినవి, మార్చలేదు. బ్యాకప్ మధ్యలో అంతా పడిపోయింది. పొద్దున్న అన్నీ లేచాయి, ఓపీ నడుస్తోంది, అందరూ సంతోషం. రెండు రోజుల తర్వాత బిల్లింగ్ వీఎం పక్కన పసుపుపచ్చ గుర్తు. డిస్క్ కన్సాలిడేషన్ నీడెడ్, అంటే మిగిలిపోయిన స్నాప్‌షాట్‌ని అసలు డిస్కులో కలపాలి అని. కన్సాలిడేట్ నొక్కితే ఫైలు లాక్ అయి ఉందని తిప్పికొడుతుంది. డేటాస్టోర్ నిండిపోతోంది.

లాక్ పట్టుకున్నదెవరు? ప్రాక్సీ. కరెంటు పోయినప్పుడు బిల్లింగ్ డిస్కు ప్రాక్సీ వీఎంకి తగిలించి ఉంది. విప్పేలోపల అది పడిపోయింది. లేచాక కూడా అది దాని దగ్గరే ఉండిపోయింది. ప్రాక్సీ వీఎం ఎడిట్ సెట్టింగ్స్ తెరిస్తే, దానికి ఉండాల్సింది ఒక్క డిస్కు, రెండు కనబడ్డాయి. రెండోదాని పేరు చూస్తే బిల్లింగ్ అని ఉంది.

ఇక్కడ చెయ్యి వణకాలి. ఆ డిస్కుని ప్రాక్సీ నుంచి తీసెయ్యాలి, అంతే. కానీ తీసెయ్ అని నొక్కగానే పక్కన ఒక చిన్న టిక్కు వస్తుంది, డేటాస్టోర్ నుంచి ఫైళ్లు కూడా చెరిపెయ్యి అని. శుభ్రంగా ఉంటుంది కదా అని ఆ టిక్కు పెట్టారా, చెరిగేది ప్రాక్సీ ఫైలు కాదు, బిల్లింగ్ డిస్కు. మీ అసలు డేటా. నేను ఆ రోజు పక్కన మా కుర్రాణ్ణి నిలబెట్టి, "టిక్కు ఉందా లేదా, నువ్వు పైకి చదువు" అన్నాను. వాడు చదివాడు. "లేదన్నా." అప్పుడు ఓకే నొక్కాను. ఆ తర్వాత కన్సాలిడేట్ అయింది. ఇప్పటికీ కరెంటు పోయి వచ్చిందంటే నేను ముందు చూసేది ప్రాక్సీ వీఎంలకి పరాయి డిస్కులేమైనా అంటుకున్నాయా అనే.

ఇలాంటిదే ఇంకో చోట, డైరెక్ట్ శాన్‌లో. అక్కడ ప్రాక్సీ వీఎం కాదు, ఫైబర్ ఛానెల్‌తోనో ఐస్కజీతోనో నేరుగా స్టోరేజీకి కలిపిన ఫిజికల్ సర్వర్. వేగం బాగుంటుంది, హోస్టుల మీద భారం పడదు. కానీ విఎంవేర్ డేటాస్టోర్లన్నీ ఆ విండోస్ సర్వర్‌కి డిస్కులుగా కనిపిస్తాయి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే అవి తనకి తెలియని డిస్కులు కాబట్టి, విండోస్ పాపం మర్యాదగా అడుగుతుంది, ఇనిషియలైజ్ చెయ్యమంటారా అని. చెయ్యమన్నారా, ఆ డేటాస్టోర్ మీద ఉన్న వీఎంలన్నీ ఒక్కసారే గల్లంతు. వీమ్ ఆ డిస్కుల్ని ఆఫ్‌లైన్‌లో ఉంచే పాలసీ పెడుతుంది. అయినా తర్వాత ఎవరో కొత్తగా వచ్చి, ఇవేంటి ఖాళీగా ఉన్నాయి అని ఆన్‌లైన్ చెయ్యరని నమ్మకమేంటి? స్టోరేజీ వైపే ఆ సర్వర్‌కి రీడ్ ఓన్లీగా ఇచ్చెయ్యండి. రీస్టోర్ చేసేటప్పుడు నెట్‌వర్క్ దారిలో వెళ్తుంది, నిదానం, పరవాలేదు.

ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ షేర్) డేటాస్టోర్లు వాడేవాళ్లు ఒకటి చూసుకోండి. ప్రాక్సీ ఒక హోస్టు మీద, వీఎం ఇంకో హోస్టు మీద ఉండి హాట్‌యాడ్ జరిగితే, డిస్కు విప్పేటప్పుడు వీఎం కాసేపు బిగుసుకుపోవచ్చు. అలాంటి చోట హోస్టుకో ప్రాక్సీ పెట్టుకోవాలి, లేదా నెట్‌వర్క్ మోడ్‌లోనే వెళ్లాలి. మేనేజ్‌మెంట్ లైను 10 గిగాబిట్ ఉన్నవాళ్లకి నెట్‌వర్క్ మోడ్ తక్కువేం కాదు. చిన్న చిన్న ఇంక్రిమెంటల్స్‌కి అదే త్వరగా అవుతుంది, డిస్కు తగిలించి విప్పే తతంగం ఉండదు కదా. విఎంవేర్ బదులు మైక్రోసాఫ్ట్ హైపర్-వి వాడేవాళ్ల సంగతి రెండు ముక్కల్లో: మామూలుగా ఏ హోస్టు పని ఆ హోస్టే చేసుకుంటుంది. వేరే ప్రాక్సీ పెట్టాలంటే షేర్డ్ స్టోరేజీ, దాని కంపెనీ ఇచ్చే వీఎస్ఎస్ హార్డ్‌వేర్ ప్రొవైడర్ (స్టోరేజీలోనే స్నాప్‌షాట్ తీయించే సాఫ్ట్‌వేర్) ఉండాలి. మన జిల్లాల్లో ఆ అవసరం పడ్డవాళ్లని నేనింకా చూడలేదు.

(ప్రశ్న: గురువుగారూ, మాకు విజయనగరంలో హెడ్డాఫీసు, శ్రీకాకుళంలో బ్రాంచి. బ్రాంచి వీఎంల బ్యాకప్ ఇక్కడికి రావాలి. ప్రాక్సీ ఇక్కడ పెట్టాలా, అక్కడా?)

అక్కడే. మీ సన్నదారి ఏది? రెండు ఊళ్ల మధ్య లైను. కళ్ళం దానికి అవతల, పొలం వైపు ఉండాలి. లైను ఎంతండీ? 50 ఎంబీపీఎస్సా? అంటే సెకనుకి ఆరు మెగాబైట్లు. మొదటి ఫుల్ దాని మీద పంపకండి, జీవితకాలం పడుతుంది. హార్డ్‌డిస్కు మీద తీసుకుని, కారులో తెచ్చి ఇక్కడ ఎక్కించి, దాన్ని జాబుకి చూపించండి. డెబ్బై కిలోమీటర్ల లోపే కదా, మీ లైను కంటే కారు చాలా ఫాస్టు. (నవ్వులు) తర్వాత రోజూ మారిన బ్లాకులే వస్తాయి.

ఇక్కడ రిపాజిటరీ ఏంటి మీది? నాస్ షేరా? అయితే ఆగండి, అది ముఖ్యం. నాస్ షేర్ మీద వీమ్ తన మనిషిని పెట్టలేదు, అందుకని గేట్‌వే సర్వర్ అని ఒకటి కావాలి. అది ఆటోమేటిక్‌లో వదిలేస్తే ఒక్కోసారి బ్రాంచిలో ఉన్న ప్రాక్సీనే గేట్‌వేగా ఎంచుకుంటుంది. అప్పుడు అక్కడి నుంచి ఈ షేర్‌లోకి లైను మీదుగా ఫైలు తెరిచి రాయడం మొదలెడుతుంది. పాత బ్యాకప్ ఫైళ్లు కలిపే పని వచ్చినప్పుడు ఇక్కడి డేటా అక్కడికి చదువుకుని, కలిపి, మళ్లీ ఇక్కడికి రాస్తుంది. పురిలో ధాన్యం సర్దడానికి బస్తాలన్నీ తిరిగి పొలానికి మోసినట్టు. నాస్ ఉన్న ఊళ్లోనే ఒక సర్వర్‌ని గేట్‌వేగా మీ చేత్తో పెట్టండి. ఇంకా మేలు, నాస్ బదులు డిస్కులున్న ఒక మామూలు లైనక్స్ సర్వరు.

(ప్రశ్న: ప్రాక్సీ వీఎంలకి కూడా బ్యాకప్ తీసుకోవాలాండీ?)

అక్కర్లేదు. పోతే పావుగంటలో ఇంకోటి చేసుకోవచ్చు. వీమ్ కాన్ఫిగరేషన్ బ్యాకప్ మాత్రం వేరే చోట ఉండాలి, అదే సర్వర్ మీద పెట్టుకోవద్దు.

(ప్రశ్న: మా రెండో కాపీ విశాఖలో ఉంది. సరిపోతుందా?)

మంటలకీ, దొంగలకీ, డిస్కు పోవడానికీ సరిపోతుంది. తుపానుకి ఏం చెప్పను? హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర దాటింది. తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర దాటింది, ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా పడుకున్నాయో అందరం చూశాం. తిత్లీ అప్పుడు విశాఖ కాపీ పనికొచ్చేది. హుద్‌హుద్ అప్పుడు విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం అన్నీ ఒకేసారి చీకట్లో ఉన్నాయి. మూడో కాపీ ఒకటి ఈ తీరం మీద కాకుండా హైదరాబాదులోనో, క్లౌడ్‌లోనో ఉంటే మంచిది. దాని కోసం వేరే ప్రాక్సీ అక్కర్లేదు. బ్యాకప్ కాపీ జాబు ఉన్న ఫైళ్లనే పంపుతుంది, వీఎంలని మళ్లీ ముట్టుకోదు.

ఇంకో చెయ్యి లేచింది, అటు కిటికీ పక్కన.

(ప్రశ్న: మీరు చెప్పిన లోడ్ లైను మా దాంట్లో టార్గెట్ 97 అని చూపిస్తోంది సార్. ఆరు ప్రాక్సీలు ఉన్నాయి.)

ఆరా? ఎన్ని వీఎంలు తమ్ముడూ? పద్దెనిమిదా? (నవ్వులు) నాలుగు ప్రాక్సీలు తీసెయ్. ఆ కోర్లూ ర్యామూ ప్రొడక్షన్‌కి ఇచ్చెయ్. నాస్‌లో ఎన్ని డిస్కులున్నాయి, ఏ రెయిడ్ పెట్టారు, అంటే వాటిని ఎలా కలిపారు? రెండు డిస్కులు, మిర్రర్, అంటే రెండిట్లోనూ ఒకటే డేటా. అదీ సంగతి. టీకి వెళ్లాక నా దగ్గరికి రా, ఆ లాగ్ నీ ఫోన్‌లో ఉంటే ఇద్దరం కలిసి చూద్దాం.